1980: ఒక సంవత్సరపు జనన మరణాల పట్టిక

గడచిన సంవత్సరపు విశేషాలను పట్టికగా ప్రకటించే ఆచారం కళాశాల సంచికలలో చాలాకాలంగా ఉన్నది. మొదట ముఖ్య సంఘటనలు, పిదప జననాలు, చివర మరణాలు. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులకు అది ఉపకరిస్తుందని సంపాదకుల ఆశయం. కాని అటువంటి పట్టికను ఎలా చదవాలో ఎవరూ చెప్పరు. ఒక్క సంవత్సరాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ ప్రయత్నం చేయాలని సంకల్పించాము. మేము ఎన్నుకున్నది 1980.

సంవత్సరం అన్నది కూడ లెక్కను బట్టి మారుతుందని ముందుగా గమనించాలి. తెలుగువారికి ఆ ఏడు ఉగాదితో రౌద్రి నామ సంవత్సరం ప్రారంభమయింది. హిజ్రీ లెక్క ప్రకారం 1980లో అధికభాగం 1400వ సంవత్సరంలోనిది. రెండు భాషలు పక్కపక్కన నడిచే మన సంచికలో ఈ మాట చెప్పకపోతే వెలితిగా ఉంటుంది.

మరణాల పట్టిక ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఎందుకంటే పోయినవారు ఎవరో లోకానికి ఆనాడే తెలుసు. ఫిబ్రవరి 24న దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు పరమపదించారు. 1963లో గొంతుకు సోకిన వ్యాధి వలన ఆయన కంఠస్వరాన్ని కోల్పోయి, తరువాత పదిహేడేళ్లు కాగితంపై వ్రాసి సంభాషించారు. మాట పోయినా పాట పోలేదు. జులై 31న, రంజాన్ మాసంలో, ముహమ్మద్ రఫీ బొంబాయిలో కన్నుమూశారు. ఆయనకు అప్పటికి 55 ఏళ్లు. 'భలే తమ్ముడు', 'అక్బర్ సలీం అనార్కలి' చిత్రాలలో తెలుగు పాటలు పాడి మనకు సన్నిహితులైనవారు. మూడు నెలలు తిరగకుండానే అక్టోబరు 25న సాహిర్ లుధియాన్వీ మరణించారు. 'ప్యాసా' చిత్రంలో సాహిర్ మాటకు రఫీ గొంతు తోడయింది. ఆ రెండూ ఒకే ఏట ఆగిపోయాయి.

కృష్ణశాస్త్రి, సాహిర్ ఒకరినొకరు చదువుకున్నారో లేదో గాని, వారి ప్రయాణం ఒక్కటే. ఒకరు 'కృష్ణపక్షం'తో, మరొకరు 'తల్ఖియాఁ'తో యౌవనంలోనే కవులుగా కీర్తి గడించి, తరువాత సినిమా రంగానికి వచ్చారు. వచ్చి తమ కవిత్వపు స్థాయిని తగ్గించుకోలేదని మా అభిప్రాయం. ఈ రెండు పేర్లను ఒకే తరగతిలో పాఠంగా చెప్పే అవకాశం మనవంటి కళాశాలలకు తప్ప ఎవరికి ఉంటుంది?

జననాల పట్టిక సంగతి వేరు. 1980 డిసెంబరులో ఎవరైనా దానిని వ్రాయబూనుకుంటే కాగితం ఖాళీగానే మిగిలేది. జూన్ 17న అమెరికాలో వీనస్ విలియమ్స్, జులై 3న జలంధర్‌లో హర్భజన్ సింగ్ పుట్టారని ఈనాడు వ్రాయగలుగుతున్నాము. ఆనాడు వారు తల్లుల ఒడిలో ఏడ్చే పసికందులు మాత్రమే.

సంఘటనలకు కొదువ లేదు. జనవరిలో ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి వచ్చారు. ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదలయింది. మాస్కో ఒలింపిక్స్‌ను అమెరికా బహిష్కరించింది. ఆ క్రీడలలోనే మన హాకీ జట్టు స్పెయిన్‌ను 4-3తో ఓడించి స్వర్ణం గెలిచింది. సెప్టెంబరు 22న ఇరాన్, ఇరాక్‌ల నడుమ పూర్తిస్థాయి యుద్ధం మొదలై ఎనిమిదేళ్లు సాగింది. జులై 18న అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. పథక సంచాలకులు అబ్దుల్ కలాం. అంతకు ముందటి ఏడు, 1979 ఆగస్టు 10న, అదే రాకెట్టు సముద్రంలో కూలిపోయిన సంగతి మాత్రం 1980 పట్టికలో కనిపించదు.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచినది మే 8 నాటి సంఘటన. ఆనాడు జెనీవాలో ప్రపంచ ఆరోగ్య మహాసభ మశూచి వ్యాధి భూమిపై లేదని ప్రకటించింది. చాలా పట్టికలలో ఇది ఒక్క పంక్తితో సరి. ఒక్కొక్కప్పుడు అదీ ఉండదు.

మశూచి అంటే నేటి విద్యార్థులు ఆటలమ్మ అనుకుంటారు. అది వేరు. పెద్దమ్మవారు అని మన పల్లెలలో, చేచక్ అని ఉర్దూలో పిలిచిన ఈ వ్యాధి తీవ్రరూపంలో సోకితే పదిమందిలో సుమారు ముగ్గురు మరణించేవారు. బ్రతికినవారిలో కొందరికి చూపు పోయేది. చాలామంది ముఖాలపై గుంటల మచ్చలు జీవితాంతం నిలిచేవి. ఇరవయ్యవ శతాబ్దంలోనే సుమారు 30 కోట్లమందిని ఇది బలిగొన్నదని అంచనా. 1974లో సైతం మన దేశంలో లక్షన్నరకు మించి కేసులు నమోదయ్యాయి.

మరి మరునాటి ఏడాదికే అది మన దేశంలో ఎలా అంతరించింది? ఈ వ్యాధికి మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. పొక్కులు పైకి కనిపిస్తాయి గనుక రోగి దాగలేడు. కనుక దేశమంతటికీ టీకాలు వేసేదాకా వేచి ఉండక, రోగి ఉన్న ఇంటిని కనిపెట్టి, చుట్టూ ఉన్నవారందరికీ టీకాలు వేస్తే వ్యాధికి దారి మూసుకుపోతుంది. ఆరోగ్య కార్యకర్తలు పొక్కులతో ఉన్న శిశువు బొమ్మను చేతబట్టి గడప గడపకూ తిరిగారు. రెండు మొనల చిన్న సూది వారి ఆయుధం. కేసును తెలిపినవారికి ఇచ్చే బహుమానం చివరకు వెయ్యి రూపాయలకు చేరింది. మన దేశపు చివరి కేసు 1975 మేలో బయటపడింది. ఈ ఉద్యమాన్ని ప్రతిపాదించి, కోట్లాది మోతాదుల టీకామందు దానం చేసిన దేశం సోవియట్ యూనియన్. దానిని నడిపించిన వైద్యుడు డి.ఎ. హెండర్సన్ అమెరికన్. క్రీడలలో కలిసి ఆడలేని ఆ రెండు దేశాలు ఇందులో చేతులు కలిపాయి.

ప్రకృతిసిద్ధంగా ఈ వ్యాధి సోకిన చివరి మనిషి సోమాలియాలోని మెర్కా పట్టణంలో ఒక ఆసుపత్రి వంటవాడు, అలీ మావ్ మాలిన్. అది 1977 అక్టోబరు. ఆయన కోలుకుని, తరువాత పోలియో నిర్మూలనకు పనిచేసి, 2013 దాకా జీవించారు. ఆయన పేరు 1980 నాటి జననాలలోనూ లేదు, మరణాలలోనూ లేదు. ఆ తరువాత మశూచితో చనిపోకుండా మిగిలిన కోట్లమంది పేర్లూ ఏ పట్టికలోనూ లేవు. ఉండడానికి వీలూ లేదు. పట్టిక చదివేటప్పుడు ఈ ఖాళీని కూడ చదవమని మా విద్యార్థులను కోరుతున్నాము.

తరగతిలో ఈ విషయం చెప్పినప్పుడు కొందరు పిల్లలు చొక్కా చేయి పైకి మడిచి భుజంపై మచ్చను చూపారు. అది క్షయకు వేసిన బి.సి.జి. టీకా మచ్చ. మశూచి టీకా మచ్చ వారికీ లేదు, మాకూ లేదు. చూడాలంటే ఇంటిలో తాతయ్యనో నానమ్మనో, దాదానో దాదీనో చేయి చూపమని అడగాలి.