చూచి చేసే చిన్నారులు

ఆదివారం ఆరాధనలో ముందు చాపల మీద కూర్చున్న పసివాళ్లను ఒకసారి గమనించండి. తల్లి కొంగు తలమీదికి తీసుకోగానే రెండేళ్ల పాప తన గౌను అంచునే పైకి లాక్కుంటుంది. తండ్రి బైబిలు తెరిస్తే కొడుకు పాటల పుస్తకాన్ని తలక్రిందులుగా పట్టుకొని పెదవులు కదుపుతాడు. కానుకల సంచి దగ్గరికి వస్తే ఖాళీ గుప్పిటను లోపల పెట్టి తీసే బిడ్డలూ ఉన్నారు. మనం నవ్వుకొని "కోతిచేష్టలు" అంటాము.

ఆ మాట నిజానికి కోతులకే సరిగా అతకదు. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు చేసిన ఒక పరిశీలన 2005లో వెలువడింది. పుల్లతో ముందు పెట్టె పైభాగాన పొడిచి, తరువాత ప్రక్కనున్న తలుపు తీసి లోపలి బహుమానం తీసుకోవడం ఎలాగో వారు చింపాంజీలకూ, మూడు నాలుగేళ్ల పిల్లలకూ చూపించారు. పెట్టె లోపలిది కనబడనంతసేపు ఇరువురూ చూచినదంతా చేశారు. అద్దంలాంటి పెట్టె ఇచ్చినప్పుడు పైన పొడవడం వృథా అని స్పష్టంగా కనబడుతుంది. చింపాంజీలు చాలావరకు ఆ పని విడిచిపెట్టాయి. పిల్లలు విడువలేదు.

పిల్లలకు తెలివి తక్కువనా? కాదు. పెద్దవాళ్లు కావాలని చేసిన పనిలో ఏదో అర్థం ఉండే ఉంటుందని వాళ్లు మనలను నమ్ముతారు. అర్థం తరువాత తెలుస్తుంది, నమ్మకం ముందు పుడుతుంది. చిన్నబిడ్డలను గురించి మన ప్రభువు చెప్పిన మాటలు తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

అయితే వాళ్లు మనలో దేనిని ఎన్నుకొని అనుసరిస్తారు? ఇక్కడ మరొక పరిశీలన చెప్పుకోవాలి. 1988లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక సంగతి ప్రకటించాడు. 14 నెలల బిడ్డల ఎదుట ఒక పెద్ద మనిషి వంగి, నుదుటితో ఒక పెట్టెను తాకితే దీపం వెలిగింది. వారం తరువాత అదే పెట్టెను ముందుంచితే చాలామంది బిడ్డలు తామూ వంగి నుదురు ఆనించారు. 2002లో గెర్గెలీ అనే శాస్త్రవేత్త, అతని తోటివారు దీనిలో చిన్న మార్పు చేశారు. కొందరు బిడ్డల ముందు ఆ మనిషి చలి వేస్తున్నట్లు దుప్పటి కప్పుకొని, రెండు చేతులతో దాన్ని పట్టుకొని, నుదుటితో దీపం వెలిగించింది. మరికొందరి ముందు చేతులు రెండూ బల్లమీద ఖాళీగా పెట్టి అదే పని చేసింది. ఖాళీ చేతులను చూచిన బిడ్డల్లో నూటికి 69 మంది నుదురు ఆనించారు. దుప్పటి పట్టుకొన్న చేతులను చూచినవారిలో నూటికి 21 మందే అలా చేశారు. "ఆమెకు చేయి ఖాళీ లేక తల వాడింది, నాకేమి అవసరం?" అని ఆ పసివాళ్లు గ్రహించి ఉంటారని వారి అభిప్రాయం. దీనితో ఏకీభవించని పండితులూ ఉన్నారు. పిల్లలున్న ఇంట్లో మాత్రం ఇది నమ్మలేని సంగతి కాదు.

పాస్టరుగారు వచ్చినప్పుడు చేసే కుటుంబ ప్రార్థన, పదిమంది చూస్తుండగా వేసే కానుక, ఇవి చేతులు ఖాళీ లేనప్పటి పనులు. కోతల రోజుల్లో ఒళ్లు హూనమై ఇంటికి చేరిన తండ్రి, ఎవరూ రాని సాయంత్రం, ఎవరూ అడగకుండా మోకరిస్తే అది ఖాళీ చేతులతో చేసిన పని. బిడ్డకు ఈ తేడా తెలుస్తుంది.

చేదైన సంగతి కూడా చెప్పక తప్పదు. క్రీస్తునందు అందరూ ఒక్కటేనని సండేస్కూల్లో వల్లెవేసి వచ్చిన పిల్లవాడు, పనికి వచ్చిన మనిషికి తల్లి ఏ గ్లాసులో నీళ్లిస్తుందో చూస్తాడు. ఆ గ్లాసు విడిగా ఎక్కడ ఉంటుందో, దాన్ని ఎవరు కడుగుతారో అన్నీ వాడికి తెలుసు. ఆ గ్లాసు వేరుగా పెట్టమని ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదని కూడా తెలుసు. మన సంఘాలలో ఇటువంటి ఇళ్లు లేవని ఎవరైనా అంటే మనం నమ్మలేము. నాలుగేళ్లకే ఆ పిల్లవాడు నీళ్లివ్వడానికి సరైన గ్లాసు తానే వెదికి తెస్తాడు. "ఎంత తెలివైనవాడో" అని ఇంటికి వచ్చినవాళ్లు మెచ్చుకొంటారు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో, తండ్రి సమస్తమును తన చేతికి అప్పగించాడని ఎరిగే యేసు తువాలు నడుముకు కట్టుకొన్నాడు. అవి ఎవరూ కట్టని చేతులు. వాటితోనే శిష్యుల పాదాలు కడిగి, ఇది మీకు మాదిరి అన్నాడు. పాదాలు కడగడానికి అర్థం పేతురుకు అప్పుడు తెలియలేదు. తరువాత తెలుసుకొంటావని ప్రభువే చెప్పాడు.

చూచి చేసినంత మాత్రాన రక్షణ కాదు కదా అని పెద్దలు అడుగుతారు. నిజమే, ప్రతివాడూ ప్రభువును స్వయంగా ఎరుగవలసిందే. అయినా తాను క్రీస్తును పోలి నడుచుకొన్నట్లు తనను పోలి నడుచుకొమ్మని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. రెండవ తిమోతి పత్రికలో తిమోతి విశ్వాసాన్ని తలంచుకొంటూ, అది మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండెనంటాడు. తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ అవ్వ, ఆ తల్లి పలికిన మాట ఒక్కటైనా బైబిలులో వ్రాయబడలేదు.