డిగ్రీ, రేడియన్, స్టెరేడియన్: మా చేని కాలువ నేర్పిన లెక్క

ఈరోజు కోణాల కొలతల గురించి మాట్లాడుకుందాం. పుస్తకం నుంచి కాదు, మా చేని నుంచి మొదలుపెడతాను.

మాది కళ్యాణదుర్గం వైపు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ నాలుగు పెద్ద వానల్లో కురిసి పోతుంది. అందుకే సెనక్కాయ చేలో నీళ్లు పోయే కాలువకి వాలు 100 మీటర్లకు 1 మీటరు దాటకూడదనుకున్నాను. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే 1 అని చూపించింది. సరే అని తవ్వించేశా. తీరా చూస్తే ఆ 1 శాతం కాదండీ, డిగ్రీ! 1 డిగ్రీ వాలంటే 100 మీటర్లకు 1.75 మీటర్లు దిగుతుంది. మొదటి పెద్ద వానకే కాలువ కోసుకుపోయి, ఎర్రమట్టంతా కింది చేలో పడింది.

చుట్టుని 360 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక డిగ్రీ. 60 లెక్కన కొలవడం బాబిలోనియా వాళ్ల నుంచి వచ్చిన అలవాటు. రేడియన్ అలా కాదు. నేలలో గుంజ పాతి, దానికి తాడు కట్టి, బిగలాగి చుట్టూ గీత గీయండి. ఆ గీత వెంబడి తాడంత పొడవు కొలిస్తే, గుంజ దగ్గర ఏర్పడే కోణం 1 రేడియన్. అంటే దాదాపు 57.3 డిగ్రీలు. మొత్తం చుట్టు 6.28 రేడియన్లు. చిన్న కోణాలకి రేడియనూ వాలూ ఇంచుమించు ఒకటే: 100కి 1 అంటే 0.01 రేడియన్, 0.57 డిగ్రీ. నాకు కావలసింది ఇదే, కానీ తవ్వించింది 1 డిగ్రీకి.

ఇక ఘనకోణం. టార్చిలైటు వెలుతురు ఎలా విచ్చుకుంటుందో చూశారుగా, అది. 1 మీటరు వ్యాసార్థం ఉన్న బంతి మీద 1 చదరపు మీటరు ముక్క, బంతి మధ్య దగ్గర చేసే ఘనకోణం 1 స్టెరేడియన్. ముక్క గుండ్రమా పలకా అన్నది అనవసరం. బంతి మొత్తం 12.57 స్టెరేడియన్లు. మా చేలో నిలబడితే అడ్డంగా ఒక్క చెట్టూ లేదు కాబట్టి, ఆకాశం అందులో సగం, 6.28. సూర్యుడి వెడల్పు అర డిగ్రీ; ఆకాశంలో ఆక్రమించేది సుమారు లక్షో వంతు. మే నెలలో మనల్ని మాడ్చేది ఆ చిన్న ముక్కేనండీ!

ఈసారి యాప్ పక్కన పెట్టేశాం. సన్న పైపులో నీళ్లు నింపి మట్టం చూసుకుంటూ, 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున గుర్తులు పెట్టి మళ్లీ తవ్వించాం. వాన ఇంకా రావాలి.