మొక్క కొనేముందు

మృగశిర కార్తె వచ్చింది. నాలుగు చినుకులు పడ్డాయి. నేల మెత్తబడింది. ఇక ఊళ్లో ఆడవాళ్లందరికీ మొక్కల మీదికి మనసు పోతుంది.

సరిగ్గా ఆ అదను చూసే వీధిలోకి వాను వస్తుంది. "బంగినపల్లి అంట్లు! సపోటా అంట్లు! రెండేళ్లకే కాపు!" అని మైకులో కేక. వాను చుట్టూ జనం మూగుతారు. ఎత్తుగా, పచ్చగా ఉన్న మొక్కను ఏరుకుని ఇంటికి తెచ్చుకుంటారు.

తూర్పు గోదావరి జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒకావిడ అలాగే మామిడి మొక్క కొన్నది. నూట యాభై రూపాయలు ఇచ్చింది. పెరట్లో నాటింది. బిందెలతో నీళ్లు మోసింది. ఎండాకాలం తాటాకు నీడ కట్టింది. మేకలు రాకుండా ముళ్లకంప చుట్టింది. రెండేళ్లు పోయాయి. నాలుగేళ్లు పోయాయి. పూత లేదు. ఏడో ఏట పూత వచ్చింది, కాయ నిలిచింది. తీరా చూస్తే చిన్న కాయలు. పండితే అంతా పీచు, పులుపు. అది బంగినపల్లి కానే కాదు.

"నూట యాభై పోతే పోయింది. ఏడేళ్లు ఎవరు తెచ్చిస్తారు?" అని ఆవిడ బాధ. వాను వాడిని అడుగుదామా? వాడి పేరు తెలియదు. ఊరు తెలియదు. చీటీ అడగలేదు. వాడూ ఇవ్వలేదు.

వానులో తెచ్చేవాళ్లంతా మోసగాళ్లని కాదు. వాళ్లలో చాలామంది ఎక్కడో కొని తెచ్చి, ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లే. తాము అమ్ముతున్నది ఏ రకమో వాళ్లకే తెలియకపోవచ్చు. కాని నష్టం కొన్నవాళ్లదే కదా!

అంటు అంటే ఏమిటి?

మామిడి టెంక పాతితే మొక్క మొలుస్తుంది. కాని ఆ మొక్కకు తల్లి చెట్టు కాయలాంటి కాయే వస్తుందని చెప్పలేం. ఎందుకంటే పూత మీద ఈగలు, తేనెటీగలు వాలతాయి. వేరే చెట్టు పుప్పొడిని మోసుకొస్తాయి. టెంకలో ఉన్న పిల్ల మొక్కకు తల్లి పోలిక కొంత, తండ్రి పోలిక కొంత వస్తుంది. మన పిల్లలూ అంతే కదా. అందరూ తల్లిలాగే ఉండరు.

అందుకని అంటు కడతారు. టెంక మొక్కను ముందు పెంచుతారు. దాని తల కోసేస్తారు. మంచి బంగినపల్లి చెట్టు నుంచి ఒక చిన్న కొమ్మ తెస్తారు. ఆ కొమ్మను టెంక మొక్క మీద పెట్టి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్టీతో బిగిస్తారు. కొన్ని వారాలకు రెండూ అతుక్కుంటాయి. కింద వేరు టెంక మొక్కది. పైన కొమ్మ బంగినపల్లిది. కాయ ఎప్పుడూ పైన ఉన్న కొమ్మదే. అందుకే అంటు మొక్కకు తల్లి చెట్టు కాయే వస్తుంది. కాపు కూడా త్వరగా వస్తుంది. నాలుగైదు ఏళ్లకు కాస్తుంది. టెంక మొక్క అయితే ఏడేళ్లు, పదేళ్లు కూడా పట్టవచ్చు.

మామిడికి రెండేళ్లకే కాపు అని ఎవరైనా అంటే నమ్మవద్దు. అంటు మొక్కకు ఒక్కోసారి చిన్నప్పుడే పూత వస్తుంది. ఆ పూతను మొదటి మూడేళ్లు తుంచేయాలి. లేకపోతే చెట్టు ఎదగదు.

అంటు మొక్కను గుర్తుపట్టడం కష్టం కాదు. మొక్క మొదట్లో, మట్టికి జానెడు ఎత్తులో చూడాలి. అక్కడ ఒక అతుకు కనబడుతుంది. అతుకు దగ్గర కాండం కొంచెం లావుగానో వంకరగానో ఉంటుంది. అతుకుకు కిందా పైనా బెరడు రంగులో తేడా ఉంటుంది. కాండం కింది నుంచి పైదాకా ఒకటే నునుపుగా ఉంటే అది టెంక మొక్క. పట్టీ చుట్టి ఉంది కదా, అంటే అంటే అనుకోవద్దు. ఉత్త మొక్కకు కూడా పట్టీ చుట్టవచ్చు. పట్టీ విప్పి చూపించమని అడగాలి.

ఇంకో సంగతి ఉంది. అతుకును కంటితో చూడవచ్చు. కాని పైన కట్టిన కొమ్మ బంగినపల్లిదా, కలెక్టరుదా, ఇంకో పుల్ల మామిడిదా? అది చిన్న మొక్కలో ఎవరికీ తెలియదు. చదువుకున్నవాళ్లకూ తెలియదు. కాయ కాసేదాకా ఆగాల్సిందే. ఇక్కడ మనకు మిగిలింది ఒకటే దారి. నాలుగేళ్ల తర్వాత కూడా అదే చోట కనబడే మనిషి దగ్గర కొనడం.

దగ్గరి నర్సరీ

కడియం పేరు చాలామంది వినే ఉంటారు. రాజమండ్రి దగ్గర ఉంది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం ఊళ్లన్నీ నర్సరీలే. గోదావరి కాలువ నీళ్లు, మెత్తటి ఒండ్రు మట్టి అక్కడి మొక్కలకు బలం. అక్కడి నుంచి లారీల్లో మొక్కలు వేరే రాష్ట్రాలకు కూడా పోతాయి. సంచుల్లో మట్టి నింపడం, కలుపు తీయడం, నీళ్లు పోయడం, అంట్లు కట్టడం అన్నీ చేతిపనులే. ఆడవాళ్లు చాలామంది ఆ పనుల మీదే బతుకుతున్నారు.

అందరికీ కడియం దగ్గర కాదు. అక్కర్లేదు కూడా. మండల కేంద్రంలోనో, బస్సు దిగే చోటనో ఒక చిన్న నర్సరీ ఉంటుంది. కొన్ని కృషి విజ్ఞాన కేంద్రాల్లో కూడా మొక్కలు అమ్ముతారు. మన ఎండకు, మన గాలికి అలవాటు పడిన మొక్క మన పెరట్లో తొందరగా నిలదొక్కుకుంటుంది. మొక్క చచ్చిపోతే పోయి అడగవచ్చు. ఆకు ముడుచుకుంటే ఆ ఆకు తీసుకుపోయి చూపించవచ్చు. నర్సరీలు ఉద్యాన శాఖ దగ్గర రిజిస్టరు చేయించుకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో చట్టం వచ్చింది. రిజిస్టరు కాగితం చూపించమని అడిగితే తప్పేమీ లేదు.

పైన చెప్పిన ఆవిడ ఈసారి బస్సెక్కి కడియపులంక పోయింది. ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడుతున్న అమ్మాయిని పిలిచింది.

"అమ్మాయ్, ఆ ఎత్తు మొక్క ఇవ్వు."

"ఎత్తు చూడకండి పిన్నిగారూ. అది సంచిలో ఎక్కువ కాలం ఉండిపోయిందండి. వేళ్లు చుట్టలు చుట్టుకుపోయి ఉంటాయి. నేలలో పెట్టినా సాగవండి. ఈ పొట్టి మొక్క తీసుకోండి. నిరుడు కట్టిన అంటు. కాండం చూడండి, ఎంత గట్టిగా ఉందో."

"రకం మాట ఏమిటి? కిందటిసారి మోసపోయాను."

"చీటీ మీద రకం పేరు రాయించుకోండి. తేదీ, మా నర్సరీ పేరు కూడా ఉంటాయి. చీటీ దాచుకోండి, పిన్నిగారూ."

ఆవిడ చీటీ చేతిలోకి తీసుకుంది. కూడబలుక్కుని చదివింది. "బం-గి-న-ప-ల్లి." తేదీ చూసింది. మొక్క ధర చూసింది. అప్పుడు డబ్బు ఇచ్చింది.

నర్సరీలో చూడవలసినవి ఇంకా ఉన్నాయి. ఆకుల అడుగున తిప్పి చూడాలి. తెల్లగా దూది అంటినట్లు ఉంటే పిండినల్లి. ఆ మొక్క ఇంటికి తెస్తే మిగతా మొక్కలకూ అంటుకుంటుంది. సంచి పగిలి, మట్టి రాలిపోయిన మొక్క వద్దు. నీడలో పెరిగిన మొక్కను తెచ్చిన వెంటనే ఎండలో నాటవద్దు. నాలుగైదు రోజులు చెట్టు నీడన ఉంచి, తర్వాత నాటాలి.

ఏ కాలానికి ఏది?

మంచి మొక్క కొన్నా, కాలం తప్పితే లాభం లేదు. నర్సరీలో ఏడాది పొడుగునా అన్నీ కనబడతాయి. కనబడింది కదా అని కొనకూడదు.

చిక్కుడు సంగతే చూడండి. పందిరి చిక్కుడు గింజను ఆషాఢంలోనో శ్రావణంలోనో పెడతారు. తీగ ఇల్లంతా పాకుతుంది. పువ్వు మాత్రం రాదు. కార్తీకం దాటి చలి మొదలైతే గుత్తులు గుత్తులు పూస్తుంది. సంక్రాంతికి కాయే కాయ. ఎందుకంటే అది పొద్దును చూసి పూసే మొక్క. పగలు చిన్నదై, రాత్రి పెద్దదైతేనే పూస్తుంది. అదే గింజను మాఘమాసంలో పెడితే ఆకు మేస్తూ కూర్చోవాలి. కొత్తగా వచ్చిన గుబురు చిక్కుడు రకాల్లో కొన్నింటికి ఈ పట్టింపు లేదు. అందుకే ఏ రకమో అడిగి కొనాలి. చామంతి కూడా చిక్కుడు లాంటిదే. వానాకాలంలో నాటితే చలికాలంలో పూస్తుంది.

తొలకరిలో బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, పొట్ల గింజలు నేరుగా నేలలో పెట్టవచ్చు. వంగ, మిరప మాత్రం నారు పోయాలి. నారు వయసు నెల దాటాక నాటాలి. ఒక ఇంటికి పది వంగ మొక్కలు చాలు. పది మొక్కల కోసం నారుమడి ఎందుకు? దగ్గరి నర్సరీలో నారు కొనుక్కోవచ్చు. సాయంత్రం పూట నాటాలి. ముందు రోజు నేలను తడపాలి.

బంతి నారు శ్రావణంలో నాటితే దసరాకు పూలు అందుతాయి. బతుకమ్మ పేర్చుకునే ఊళ్లల్లో ఈ లెక్క అందరికీ తెలిసిందే.

చలికాలపు పంటలకు అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, పాలకూర, మెంతికూర అప్పుడే బాగా వస్తాయి. కొత్తిమీరకు ధనియాలు అలాగే చల్లకూడదు. చెప్పుకాలితో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. ఎండాకాలంలో కొత్తిమీర వేస్తే ఆకు రాకముందే పూతకు పోతుంది. కాలీఫ్లవర్‌లో ముందు రకాలు, వెనక రకాలు ఉంటాయి. ముందు రకాన్ని ఆలస్యంగా నాటితే గుండీ అంత పువ్వు వచ్చి ఆగిపోతుంది. నారు కొనేటప్పుడు "ఇది ఏ నెలది?" అని అడగాలి.

ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో తోటకూర, గోంగూర, బచ్చలి, దోస వేసుకోవచ్చు. ఇంట్లో అంట్లు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు వాటికి చాలు. సబ్బు ఎక్కువున్న నీళ్లు మాత్రం పోయవద్దు. రోహిణి కార్తె ఎండల్లో ఏ మొక్కా కొనవద్దు. గుంట తవ్వి ఎండనివ్వండి. తొలకరి పడ్డాక నాటవచ్చు.

ఆకుకూర గురించి ఒక మాట. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకు రక్తం పరీక్ష చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రతి 100 మందిలో 57 మందికి పైగా రక్తహీనత ఉంది. రోజూ ఆకుకూర తింటే ఒంటికి కొంత ఇనుము అందుతుంది. కూరలో నిమ్మరసం పిండితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఇప్పటికే రక్తహీనత ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలు మానవద్దు. మునగ, కరివేపాకు, తోటకూర ఉన్న ఇంట్లో ఆకు కోసం బజారుకు పోనక్కర్లేదు. గింజతో పెంచే మునగ ఆరేడు నెలలకే కాపుకు వస్తుంది. బొప్పాయి ఒక్క మొక్క పెడితే అది మగది కావచ్చు. ఒక గుంటలో రెండు మూడు మొక్కలు పెట్టి, పూత వచ్చాక ఆడదాన్ని ఉంచి మగదాన్ని తీసేయాలి. బొప్పాయి మొదట్లో నీళ్లు నిలవకూడదు.

గింజల ప్యాకెట్

గింజల ప్యాకెట్ మీద బొమ్మ బాగుంటుంది. బొమ్మను కాదు, తేదీని చూడాలి. పంట పేరు, రకం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా వాడవచ్చో ఆ తేదీ, నూటికి ఎన్ని మొలుస్తాయో అన్నీ రాసి ఉంటాయి. అక్షరాలు చిన్నవి. కొన్నిసార్లు ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మాత్రం చదవగలరు. గడువు దాటితే ఆ ప్యాకెట్ తిరిగి ఇచ్చేయండి. నీలం రంగు చీటీ ఉంటే అది ప్రభుత్వ సంస్థ ధ్రువీకరించిన విత్తనం.

గింజలకు గులాబీ రంగో వేరే రంగో పూసి ఉంటే జాగ్రత్త. అది పురుగుమందో తెగులు మందో. వాటిని పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిగిలిన గింజలు కోళ్లకు వేయవద్దు. వంటింట్లో డబ్బాలో పోయవద్దు. పిల్లలకు అందకుండా దాచాలి.

నాటే రోజు

మామిడికి మూడడుగుల గుంట తీయాలి. పొడుగు, వెడల్పు, లోతు మూడూ మూడడుగులే. పైమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి. సంచిని బ్లేడుతో నిలువునా కోసి తీసేయాలి. కొంతమంది సంచితోనే పాతేస్తారు. ఆ మొక్క బతకదు. మట్టిగడ్డ చెదరకూడదు.

అతుకు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. అతుక్కి చుట్టిన పట్టీ ఇంకా ఉంటే విప్పేయాలి. లేకపోతే కాండం లావెక్కినకొద్దీ అది కోసుకుపోతుంది. అతుకు కింద నుంచి చిగురు వస్తే వెంటనే గిల్లేయాలి. ఆ చిగురు టెంక మొక్కది. దాన్ని వదిలేస్తే అదే పెద్దదై పైకొమ్మను చంపేస్తుంది. మంచి అంటు కొన్నవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. బంగినపల్లి ఎండిపోయి, పుల్లమామిడి మిగులుతుంది. మొక్కకు పక్కన ఒక కర్ర పాతి వదులుగా కట్టాలి.

కడియపులంక నుంచి వచ్చిన ఆవిడ కొత్త మొక్కను పెరట్లో ఇంకో మూల నాటింది. పాత చెట్టు కొట్టేద్దామనుకుంది. నర్సరీ అమ్మాయి వద్దంది. "కొమ్మలు కోసి, కొత్త చిగుళ్ల మీద బంగినపల్లి అంటు కట్టవచ్చు పిన్నిగారూ. మా వాళ్లు వచ్చి కడతారు" అంది. ఆవిడ రెండు రోజులు ఆలోచించింది. పీచు, పులుపు ఉన్న కాయ ఆవకాయకు పనికొస్తుంది కదా అనుకుంది. సగం కొమ్మలకు అంటు కట్టిస్తుందట. మిగతా సగం ఊరగాయకు ఉంచుతుందట.

చీటీని మడిచి రేషను కార్డులో పెట్టింది.