విగ్గుతో రావచ్చా?

2022 జూన్‌లో నటుడు అనుపమ్ ఖేర్ ఒక వీడియో పెట్టారు. నటి మహిమా చౌదరి తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని లోకానికి చెప్పింది అందులోనే. తన సినిమాలో వేషం ఉందని ఖేర్ అమెరికా నుంచి ఫోన్ చేసినప్పుడు ఆమె అడిగింది ఒకటే: విగ్గుతో నటించవచ్చా అని. అప్పటికే వెబ్ సిరీస్‌లకూ సినిమాలకూ పిలుపులు వస్తున్నా, తలమీద జుట్టు లేక ఆమె సరే అనలేకపోయారు. ఆ వేషం మాత్రం వేశారు. ఆ సినిమా ‘ది సిగ్నేచర్’.

బ్యాంకు కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగినికీ, పాఠం చెప్పే టీచరమ్మకూ, దుకాణంలో చీరలు విప్పి చూపించే అమ్మాయికీ ఇదే ప్రశ్న. ఆపరేషన్ గాయం పైట చాటున ఉంటుంది. వాంతులు ఇంటి గడప దాటవు. జుట్టు పోతే మాత్రం, ఆమె నోరు విప్పకముందే జబ్బు సంగతి అందరికీ తెలిసిపోతుంది. “జుట్టేగా, మళ్లీ వస్తుందిలే” అనే ఓదార్పు అందుకే ఆమెకు ఆనదు. తన జబ్బు ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తానే తేల్చుకునే వీలు చేజారిపోతోందన్నది ఆమె బాధ.

వేగంగా విభజన చెందే కణాల మీద క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందులు ఎక్కువగా పనిచేస్తాయి. జుట్టు కుదుళ్లలోని కణాలూ ఆ కోవలోవే. తలమీది వెంట్రుకల్లో ఎప్పుడు చూసినా 85–90 శాతం పెరిగే దశలోనే ఉంటాయి కనుక దెబ్బ అన్నిటికీ ఒకేసారి తగులుతుంది. మొదటి కీమో ఎక్కించిన రెండు మూడు వారాలకు మాడు సలపడం, ఆ వెంటనే దువ్వెనకూ దిండుకూ కుచ్చులుగా జుట్టు రావడం మొదలవుతుంది. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్, ఆ తర్వాత ఇచ్చే ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటి మందులతో దాదాపు అంతా పోతుంది. కాపెసిటబిన్ మాత్రలతో అంతగా పోదు. కాబట్టి ఏ మందు ఇస్తున్నారో ముందే డాక్టరును అడగాలి. నూనెలూ పసర్లూ దీన్ని ఆపలేవు.

కొంతవరకు ఆపగలిగేది చలి. ఇంగ్లండ్‌లో బీరును చల్లబరిచే యంత్రాలు తయారుచేసే పాక్స్‌మన్ కుటుంబంలో ఒకావిడకు 1990లలో కీమోతో జుట్టు పోయింది. తమకు తెలిసిన ఆ విద్యతోనే వాళ్లు తలను చల్లబరిచే టోపీ తయారుచేశారు. మందు ఎక్కించడానికి అరగంట ముందు పెట్టి, అయిపోయాక కూడా గంటా గంటన్నర ఉంచుతారు. చలికి మాడులోని రక్తనాళాలు కుంచించుకుని కుదుళ్లకు మందు తక్కువ చేరుతుంది. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో టోపీ పెట్టుకున్నవాళ్లలో సగం మందికి జుట్టు చాలావరకు నిలిచింది. పెట్టుకోనివాళ్లలో ఒక్కరికీ నిలవలేదు. అయితే డాక్సోరుబిసిన్ వాడేవాళ్లకు ఫలితం తక్కువ. మన దగ్గర ఈ సౌకర్యం కొన్ని పెద్ద ఆసుపత్రులకే పరిమితం, ఖర్చూ అదనం.

మిగతావాళ్లకు విగ్గు, స్కార్ఫు, లేదా గుండు. విగ్గు కొనేవాళ్లు జుట్టు ఉండగానే కొనుక్కుంటే రంగు, ఒత్తు సరిపోల్చుకోవచ్చు. సింథటిక్ విగ్గు పొయ్యి సెగకు ముడుచుకుపోతుంది కనుక వంటింట్లో తీసేయాలి. మే నెల ఎండలో, హెల్మెట్ కింద దాన్ని భరించడం కష్టం. అలాంటప్పుడు మెత్తటి నూలు స్కార్ఫే సుఖం.

తెలుగునాట గుండుకు ఇంకో అర్థం కూడా ఉంది. తిరుమలలో ఆడవాళ్లూ తలనీలాలు ఇస్తారు కనుక, మొక్కు తీర్చుకున్నానంటే ఇంకెవరూ గుచ్చి అడగరు. కానీ కనుబొమలూ రెప్పవెంట్రుకలూ కూడా రాలితే ఆ మాట నిలవదు. అప్పుడు కనుబొమల పెన్సిల్ అక్కరకొస్తుంది. ‘మిర్చి’, ‘అత్తారింటికి దారేది’ సినిమాల్లో కనిపించిన హంసానందిని మాత్రం 2021 డిసెంబరులో తన గుండు ఫొటోతోనే క్యాన్సర్ సంగతి ప్రకటించారు. దాచుకున్నా, చూపించినా నిర్ణయం ఆ మనిషిదే కావాలి.

కీమో మధ్యలో ఉద్యోగం చేసేవాళ్లకు నెలంతా ఒకేలా గడవదు. మూడు వారాలకోసారి మందు ఎక్కించే పద్ధతిలో మొదటి కొద్ది రోజులు నీరసం ఎక్కువ. రెండో వారంలో తెల్లరక్తకణాలు తగ్గుతాయి కనుక జనంలో తిరగకపోవడం మంచిది, 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూడో వారం చాలామంది తేరుకుంటారు. ఈ వరస ఒక్క పైఅధికారికి తెలిసినా చాలు, సెలవులూ ఇంటి నుంచి పనీ దాన్నిబట్టి సర్దవచ్చు. కీమో పూర్తయ్యాక కొద్ది వారాలకు నూగు మొదలై, మూడు నుంచి ఆరు నెలల్లో పొట్టి జుట్టు వస్తుంది. కొందరికి రింగులు తిరుగుతుంది. డోసిటాక్సెల్ వాడిన కొద్దిమందికి మాత్రం మునుపటంత ఒత్తుగా రాదు.

ఈఎస్ఐ చందా కట్టే ఉద్యోగినులకు మామూలు జబ్బు సెలవు ఏడాదికి 91 రోజులే. క్యాన్సర్‌కు మాత్రం, అర్హత ఉంటే, 80 శాతం వేతనంతో రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది. ఈ సంగతి హెచ్ఆర్ వాళ్లే ముందుగా, ఏకాంతంగా చెబితే, దానికోసం ఆమె ఆఫీసులో పదిమందికీ తన జబ్బు చెప్పుకుంటూ తిరగాల్సిన పని ఉండదు.