టీ, చాక్లెట్ మానక్కర్లేదు.. లెక్క తెలిస్తే చాలు!

పోటీ పరీక్షకు సిద్ధమవ్వాలనుకోగానే చాలామంది రెండు జాబితాలు రాసుకుంటారు. ఒకటి చదవాల్సినవి. రెండోది మానేయాల్సినవి: సినిమా, టీ, చాక్లెట్, చిరుతిళ్లు! మొదటి వారం పట్టుదలగానే గడుస్తుంది. రెండో వారంలో ఓ రాత్రి నిద్ర ముంచుకొస్తుంటే హాస్టల్ ముందున్న టీ బండి గుర్తొస్తుంది. ఒక్క కప్పుతో నియమం తప్పుతుంది. ‘ఎలాగూ తప్పాం కదా’ అనుకుంటూ నాలుగు కప్పులు లాగించేస్తారు. మీకూ ఇది అనుభవమేనా? అయితే ఇష్టమైనవాటిని నిషేధించే బదులు వాటికో కొలత, ఓ వేళ పెట్టుకోండి. కొన్నింటితో మేలు కూడా ఉంది.

సాయంత్రం కాఫీతో జాగ్రత్త

మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. నిద్ర రప్పించేది అదే. కెఫీన్ దాని పనికి అడ్డుపడుతుంది. అందుకే కాఫీ తాగగానే చురుగ్గా అనిపిస్తుంది. మితంగా కాఫీ తాగేవారిలో టైప్-2 మధుమేహం, కాలేయ జబ్బులు తక్కువగా కనిపిస్తున్నాయని దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి. అందుకు కాఫీయే కారణమని మాత్రం ఇంకా రుజువు కాలేదు.

మరి మితమంటే ఎంత? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80-120, ఇన్‌స్టంట్ కాఫీలో 50-65, టీలో 30-65 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే చిక్కటి ఫిల్టర్ కాఫీలు రెండు, పైన ఒక టీ తాగితే ఆ రోజు కోటా దాదాపు అయిపోయినట్టే.

వేళ కూడా ముఖ్యమే. ఒంట్లోకి చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి ఏడింటికి కాఫీ తాగితే పన్నెండింటికీ సగం అలాగే ఉంటుంది. చదివింది బుర్రలో స్థిరపడేది నిద్రలోనే. కాబట్టి చివరి కప్పు సాయంత్రం నాలుగులోపే కానిచ్చేయండి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న అమ్మాయిలు దీన్ని తప్పక పాటించాలి.

అసలు చిక్కు చక్కెరతో!

రోజూ ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అనుకోండి. పది చెంచాలంటే 40 గ్రాముల పైమాటే. రోజుకు 2,000 కెలోరీలు తీసుకునేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50 గ్రాములు. 25లోపు ఉంటే ఇంకా మంచిదంటోంది. ఈ వారం ఒక చెంచా తగ్గించి చూడండి. నాలుక త్వరగానే అలవాటు పడుతుంది.

చాక్లెట్.. రెండు ముక్కలు

కోకోలోని ఫ్లేవనాల్స్ రక్తనాళాలు సాఫీగా వ్యాకోచించడానికి తోడ్పడతాయి. ఇవి డార్క్ చాక్లెట్‌లో ఎక్కువ. కొనేటప్పుడు కోకో 70 శాతం, ఆపైన ఉన్నది చూసుకోండి. 20 గ్రాములకే 120 కెలోరీల దాకా వస్తాయి కాబట్టి రెండు చిన్న ముక్కలతో ఆపేయాలి. బార్ మొత్తం పక్కన పెట్టుకుని పుస్తకం తెరవొద్దు. కావాల్సిన ముక్కలు విరుచుకుని మిగతాది లోపల పెట్టేయండి.

జేబుకు భారం కాని చిరుతిళ్లు

నాలుగింటికి ఆకలేస్తే పల్లీపట్టీ తినొచ్చు. పల్లీల్లో 100 గ్రాములకు దాదాపు 25 గ్రాముల ప్రొటీన్, మంచి కొవ్వులు ఉంటాయి. బెల్లమూ చక్కెర కిందే లెక్క, అందుకే ఒక్క పట్టీ చాలు. పల్లీలు పడనివారు ముట్టుకోవద్దు. పాప్‌కార్న్ కూడా ముడిధాన్యమే, పీచు దొరుకుతుంది. కాకపోతే వెన్న, ఉప్పు దట్టించకుండా ఇంట్లో పేల్చుకున్నదైతేనే మేలు.

ఎనర్జీ డ్రింకులను మాత్రం ఈ జాబితాలో చేర్చకండి. 250 మిల్లీలీటర్ల డబ్బాలో ఇంచుమించు ఓ కాఫీకి సరిపడా కెఫీన్ ఉంటుంది. దానికితోడు చాలావాటిలో ఐదారు చెంచాల చక్కెర! అంతకంటే కాఫీయే నయం.

గుండెదడ, ఆందోళన, మైగ్రేన్, మధుమేహం లాంటివి ఉంటే డాక్టర్‌ని అడిగాకే మీ కొలత నిర్ణయించుకోండి. పరీక్ష రోజు కొత్త ప్రయోగాలు చేయొద్దు. రోజూ ఉదయం ఒక కాఫీ అలవాటైతే ఆరోజూ ఒక్కటే. ముందురోజు రాత్రి నిద్ర ముంచుకొస్తే? టీ బండి వైపు కాదు, మంచం వైపు నడవండి!