విద్యార్థి వీసాకు పట్టే కాలం ఎంత? - ఇంటర్వ్యూ నిమిషాలలో, నిరీక్షణ నెలలలో

హైదరాబాద్: ఏటా ఏప్రిల్ మొదలుకొని ఆగస్టు వరకు ఉభయ తెలుగు రాష్ట్రాలలోని అనేక కుటుంబాలలో ఒకే ప్రశ్న వినవస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. మరి వీసా ఎన్ని రోజులలో వస్తుంది? ఈ ప్రశ్నకు ఒక్క అంకెలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. కాన్సులేట్ కిటికీ వద్ద అధికారి నిర్ణయం సాధారణంగా కొద్ది నిమిషాలలో వెలువడుతుంది. ఆ కిటికీ వద్దకు చేరడానికి మాత్రం నెలలు పట్టవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను సకాలంలో గ్రహించని విద్యార్థి ఒక సెమిస్టరును, ఒక్కొక్కసారి ఒక విద్యా సంవత్సరాన్ని కోల్పోతున్నాడు. విద్యా రుణం మంజూరై, ఇంటి పత్రాలు బ్యాంకు తాకట్టులో ఉన్న కుటుంబానికి ఈ జాప్యం చిన్న విషయం కాదు.

అమెరికాలో ఉన్నత విద్య అభ్యసిస్తున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 2023-24లో 3,31,602 కాగా, 2024-25లో 3,63,019కి చేరింది. వీరిలో తెలుగు విద్యార్థుల వాటా గణనీయమైనది. 2008కి పూర్వం ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు వీసా ఇంటర్వ్యూ నిమిత్తం చెన్నై వెళ్లవలసి వచ్చేది. ఆ సంవత్సరం హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ జనరల్ ప్రారంభమైంది. 2023 మార్చిలో ఈ కార్యాలయం నానక్‌రామ్‌గూడలోని నూతన ప్రాంగణానికి తరలింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలు దీని పరిధిలోకి వస్తాయి. ప్రయాణ దూరం తగ్గినప్పటికీ, దరఖాస్తుల రద్దీ కారణంగా నిరీక్షణ కాలం మాత్రం అదే నిష్పత్తిలో తగ్గలేదు.

వేర్వేరు దశలు - వేర్వేరు వ్యవధులు

పూర్తికాలపు చదువుకు ఇచ్చే ఎఫ్-1 వీసాకు పట్టే కాలాన్ని నాలుగు భాగాలుగా విభజించి చూడవలసి ఉంటుంది. విశ్వవిద్యాలయం నుండి ఐ-20 పత్రం అందే వరకు పట్టే కాలం మొదటిది. రుసుములు చెల్లించి ఇంటర్వ్యూ తేదీ పొందే వరకు పట్టే కాలం రెండవది. ఇంటర్వ్యూ రోజు నిర్ణయం మూడవది. ఇంటర్వ్యూ అనంతర పరిశీలన, పాస్‌పోర్టు తిరిగి చేతికందడం నాలుగవది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానినీ మొత్తం వ్యవధిగా భావించరాదు.

మొదటి దశ: ఐ-20 పత్రం

ప్రవేశం ఖరారైనట్లు లేఖ రాగానే వీసాకు దరఖాస్తు చేయవచ్చునని పలువురు భావిస్తున్నారు. వాస్తవానికి వీసా ప్రక్రియకు ఆధారం ప్రవేశ లేఖ కాదు, ఐ-20. అమెరికా ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థ మాత్రమే దీనిని జారీ చేయగలదు. తొలి సంవత్సరపు బోధనా రుసుము, నివాస వ్యయాలకు తగిన నిధులు ఉన్నట్లు విద్యార్థి రుజువులు సమర్పించిన పిదపనే సంస్థ ఈ పత్రాన్ని జారీ చేస్తుంది. అనగా ప్రవేశం సిద్ధించినా, నిధుల రుజువు సిద్ధం కానంతవరకు వీసా ప్రక్రియ మొదలు కానట్లే.

ఈ దశలో జరిగే జాప్యానికి మూలాలు తరచుగా స్థానిక కార్యాలయాలలోనే ఉంటాయి. బ్యాంకు రుణానికి తాకట్టు పెట్టే ఆస్తిపై సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుండి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, న్యాయవాది అభిప్రాయం, ఇంజనీరు విలువ నిర్ధారణ అవసరమవుతాయి. ఆదాయ ధ్రువీకరణ పత్రం తహసీల్దారు నుండి రావలసి ఉంటుంది. విశ్వవిద్యాలయం నుండి కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ పొందాలి. చివరి సెమిస్టరు ఫలితాలు ఆలస్యమైతే ఆ ప్రభావం తరువాతి దశలన్నింటిపై పడుతుంది.

పేర్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగాను, పాస్‌పోర్టులో పూర్తి రూపంలోను ఉండటం తెలుగు విద్యార్థులలో సాధారణం. ఐ-20, వీసా దరఖాస్తులలోని పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోలాలి. ఈ తేడాను ముందుగానే సరిచేసుకొనని పక్షంలో ఐ-20ను తిరిగి జారీ చేయించుకోవలసి రావచ్చు.

రెండవ దశ: రుసుములు, దరఖాస్తు, తేదీ

ఐ-20 అందిన అనంతరం విద్యార్థి మూడు పనులు పూర్తి చేయాలి. సెవిస్ అనే విద్యార్థుల నమోదు వ్యవస్థకు సంబంధించిన 350 డాలర్ల రుసుము చెల్లించడం మొదటిది. ఈ రుసుము 2019 నుండి ఈ స్థాయిలో ఉంది. ఆన్‌లైన్‌లో డీఎస్-160 దరఖాస్తు నింపడం రెండవది. వీసా దరఖాస్తు రుసుము చెల్లించి తేదీ తీసుకోవడం మూడవది. ఈ రుసుము 2023 జూన్‌లో 160 నుండి 185 డాలర్లకు పెరిగింది. చెల్లించిన నాటి నుండి 365 రోజుల లోపు దీనిపై తేదీ తీసుకొనవచ్చు. వీసా నిరాకరించినా ఈ మొత్తం తిరిగి రాదు. 2025 జూలైలో అమలులోకి వచ్చిన అమెరికా చట్టం మరో 250 డాలర్ల రుసుమును నిర్దేశించినందున, చెల్లింపుకు ముందు అధికారిక రుసుముల పట్టికను పరిశీలించడం అవసరం.

తేదీలు రెండు ఉంటాయి. వేలిముద్రలు, ఛాయాచిత్రం కొరకు వీసా దరఖాస్తు కేంద్రంలో ఒకటి. కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు మరొకటి. అసలు నిరీక్షణ అంతా ఈ రెండవ తేదీ కొరకే. అమెరికాలో అధిక శాతం కోర్సులు ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో మొదలవుతాయి. కావున మే, జూన్, జూలై మాసాలలో రద్దీ అత్యధికంగా ఉంటుంది. 2023 జూన్ నుండి ఆగస్టు వరకు మూడు నెలల వ్యవధిలోనే భారతదేశంలోని అమెరికా కార్యాలయాలు 90 వేలకు పైగా విద్యార్థి వీసాలు జారీ చేశాయి. ఈ సంఖ్యను బట్టి వేసవి తాకిడిని అంచనా వేయవచ్చు.

2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, తీసుకున్న తేదీని అదనపు రుసుము లేకుండా ఒక్కసారి మాత్రమే మార్చుకొనవచ్చు. ఆ పిదప మార్పు కోరితే తిరిగి రుసుము చెల్లించాలి. మెరుగైన తేదీ కోసం పదే పదే మార్పులు చేసే పాత అలవాటు ఇప్పుడు నష్టదాయకం.

మూడవ దశ: ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ ముగిసే సమయానికి సాధారణంగా ఫలితం తెలుస్తుంది. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, దరఖాస్తుదారు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నట్లు చట్టం ముందుగా భావిస్తుంది. అది నిజం కాదని అధికారిని ఒప్పించవలసిన బాధ్యత విద్యార్థిదే. ఎంచుకున్న కోర్సు, ఆ విశ్వవిద్యాలయాన్నే ఎంచుకోవడానికి కారణం, ఖర్చు భరించే విధానం, చదువు తరువాతి ఆలోచన - వీటిపై విద్యార్థి తన మాటలలో స్పష్టంగా చెప్పగలగాలి. ఇతరులు రాసి ఇచ్చిన జవాబులను వల్లెవేయడం వల్ల ప్రయోజనం లేకపోగా హాని జరిగే అవకాశం ఉంది.

ఈ సెక్షన్ కింద నిరాకరణకు గురైతే అప్పీలు లేదు. కొత్త రుసుముతో మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. అయితే తేదీ కోసం నిరీక్షణ మళ్లీ మొదటి నుండి ఆరంభమవుతుంది. ఈ కారణంగానే మొదటి ఇంటర్వ్యూ ఎంత ముందుగా జరిగితే అంత మేలు.

నాలుగవ దశ: పరిశీలన, పాస్‌పోర్టు

అధికారి అంగీకరించినప్పుడు వీసా ముద్రించిన పాస్‌పోర్టు సాధారణంగా కొద్ది పని దినాలలో తిరిగి అందుతుంది. కొందరికి మాత్రం 221(జి) సెక్షన్ కింద కాగితం ఇస్తారు. దీని అర్థం రెండు విధాలుగా ఉంటుంది. అదనపు పత్రం కోరడం ఒకటి. పరిపాలనా పరిశీలన అవసరమని తెలపడం మరొకటి. కోరిన పత్రాలను ఒక సంవత్సరం లోపు సమర్పించని పక్షంలో తిరిగి దరఖాస్తు చేసి, రుసుము చెల్లించవలసి ఉంటుంది. పరిపాలనా పరిశీలనకు నిర్ణీత గడువు లేదు. విమాన టికెట్టును వీసా చేతికి రాకముందే కొనరాదని అధికారికంగా సూచించడానికి ఇదే కారణం.

2025లో వచ్చిన మార్పులు

2020 మార్చిలో కోవిడ్ కారణంగా సాధారణ వీసా సేవలు నిలిచిపోయినప్పుడు, ప్రక్రియ ఎంత ఆకస్మికంగా స్తంభించగలదో అందరికీ తెలిసివచ్చింది. 2025లో మరొక అనుభవం ఎదురైంది. ఆ ఏడాది మే 27న విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీల కేటాయింపును అమెరికా తాత్కాలికంగా నిలిపివేసింది. జూన్ 18న తిరిగి ప్రారంభిస్తూ, దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను విస్తృతంగా పరిశీలిస్తామని, వాటిని బహిరంగంగా ఉంచాలని కోరింది. గత ఐదేళ్లలో ఉపయోగించిన ఖాతాల వివరాలను డీఎస్-160లో పేర్కొనవలసి ఉంటుంది. మూడు వారాల విరామమే అయినా, అది సరిగ్గా రద్దీ కాలంలో రావడంతో ఆగస్టు తరగతులకు వెళ్లవలసిన విద్యార్థులపై దాని భారం అధికంగా పడింది.

అదే ఏడాది సెప్టెంబరులో మరొక నిబంధన వెలువడింది. దరఖాస్తుదారులు తమ పౌరసత్వ దేశంలో గాని, నివసిస్తున్న దేశంలో గాని ఇంటర్వ్యూకు హాజరు కావాలని సూచించారు. ఇక్కడ తేదీ దొరకనప్పుడు ఇతర దేశాలకు వెళ్లి ప్రయత్నించే వెసులుబాటు దీనితో చాలావరకు మూసుకుపోయింది.

వెనుక నుండి లెక్కించాలి

ఈ పరిస్థితులలో విద్యార్థి తన కాలపట్టికను తరగతులు మొదలయ్యే తేదీ నుండి వెనుకకు లెక్కించుకోవడం శ్రేయస్కరం. ఉదాహరణకు తరగతులు ఆగస్టు 20న ప్రారంభమవుతాయనుకుందాం. నిబంధనల ప్రకారం కోర్సు ప్రారంభానికి 30 రోజులకు ముందు అమెరికాలో ప్రవేశించరాదు. కనుక జూలై 21కి ముందు ప్రయాణం వీలుపడదు. వీసాను మాత్రం కోర్సు ప్రారంభానికి 365 రోజుల ముందు నుండే జారీ చేయవచ్చు. 2023కు పూర్వం ఈ పరిమితి 120 రోజులు మాత్రమే. ఈ సడలింపును సద్వినియోగం చేసుకున్న విద్యార్థి, ఐ-20 అందిన వెంటనే తేదీ కోసం ప్రయత్నించి, వేసవి రద్దీకి ముందే ఇంటర్వ్యూ ముగించుకొనవచ్చు. ఒకవేళ నిరాకరణ ఎదురైనా, పరిశీలన కోరినా, కోలుకోవడానికి వ్యవధి మిగులుతుంది.

ప్రభుత్వ ఉపకార వేతనాలపై ఆధారపడే విద్యార్థులు మరొక అంశం గమనించాలి. తెలంగాణలో షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతున్నది. అయితే విద్యార్థి ఆ దేశంలో అడుగుపెట్టిన రుజువు సమర్పించిన తరువాతనే తొలి విడత విడుదలవుతుంది. కాబట్టి వీసా సమయానికి చూపవలసిన నిధులను వేరుగా సమకూర్చుకొనవలసి ఉంటుంది.

దళారుల పట్ల అప్రమత్తత

నిరీక్షణ పెరిగిన కొద్దీ తేదీలు ఇప్పిస్తామనే వారి సంఖ్యా పెరుగుతుంది. 2025 మార్చిలో యంత్ర ప్రోగ్రాముల సాయంతో తీసుకున్న సుమారు 2 వేల తేదీలను భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం రద్దు చేసింది. ఇటువంటి మార్గంలో తేదీ కొన్న విద్యార్థి డబ్బుతో పాటు విలువైన కాలాన్నీ పోగొట్టుకుంటాడు. నకిలీ బ్యాంకు పత్రాలు, మార్కుల మెమోల విషయం మరింత తీవ్రమైనది. మోసపూరిత పత్రంతో వీసా కోరినట్లు తేలితే, అమెరికా చట్టం ప్రకారం శాశ్వత అనర్హత ఏర్పడవచ్చు. పత్రం ఎవరు సిద్ధం చేసినా, పర్యవసానం విద్యార్థిదే.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

వీసా మంజూరు పూర్తిగా ఆ దేశ అధికారాల పరిధిలోనిది. ఏ తేదీ దొరుకుతుందన్నది గాని, అధికారి ఏమి నిర్ణయిస్తారన్నది గాని రాష్ట్ర యంత్రాంగం చేతిలో లేదు. కాని మొదటి దశలో అవసరమైన ప్రతి ధ్రువపత్రమూ ఇక్కడి కార్యాలయాల నుండే జారీ కావాలి. పాస్‌పోర్టు పోలీసు విచారణ, ఆదాయ ధ్రువీకరణ, రిజిస్ట్రేషన్ శాఖ పత్రాలు, విశ్వవిద్యాలయాల మార్కుల మెమోలు - వీటిలో ఒక వారం ఆదా అయితే విద్యార్థికి రద్దీకి ముందున్న ఒక వారం లభించినట్లే.

పాత్రికేయులు వార్తలలో రెండు విషయాలను వేరుపరచి చూపడం ఉపయుక్తం. ఇంటర్వ్యూ తేదీ దొరకకపోవడం వేరు. ఇంటర్వ్యూలో వీసా నిరాకరించడం వేరు. మొదటిది ఖాళీల కొరత, రెండవది అర్హతపై నిర్ణయం. ఈ రెండింటినీ కలిపి వీసాలు ఆగిపోయాయని రాసినప్పుడు, ఇంకా అవకాశం ఉన్న విద్యార్థి సైతం ఆందోళనతో దళారిని ఆశ్రయించే ప్రమాదం ఉంది. అమెరికా విదేశాంగ శాఖ తన వెబ్‌సైట్‌లో కార్యాలయాల వారీగా, వీసా తరగతుల వారీగా నిరీక్షణ కాలాన్ని ప్రచురిస్తుంది. సందర్శకుల వీసాకు చెందిన అంకెను విద్యార్థి వీసాకు అన్వయించకుండా జాగ్రత్త వహించాలి.

విద్యార్థి వీసాకు ఎంతకాలం పడుతుందన్న ప్రశ్నకు అంకె సంవత్సరాన్ని బట్టి, మాసాన్ని బట్టి మారుతూనే ఉంటుంది. మారనిది ఒక్కటే. ఇంటర్వ్యూ తేదీ విద్యార్థి చేతిలో లేదు. దానికి ముందు పూర్తి చేయవలసిన పత్రాలు మాత్రం విద్యార్థి చేతిలో, కుటుంబం చేతిలో, ఇక్కడి కార్యాలయాల చేతిలో ఉన్నాయి. ఆ భాగాన్ని ముందుగా ముగించినవారికి, మిగిలిన నిరీక్షణ ఎంత దీర్ఘమైనా తరగతి గది తలుపు మూసుకుపోయేంత ఆలస్యం ఏర్పడే అవకాశం తగ్గుతుంది.