పొరల మందమును కొలుచు వెలుగు

సికింద్రాబాదులో ఒకప్పుడు జేమ్స్ వీథి యనిపించుకొని నేడు మహాత్మాగాంధీ రోడ్డైన రహదారి ప్రక్కన, దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ కట్టించిన రాంగోపాల్‌పేట్ ఠాణా గడియారమును వీథి ఆవలినుండి నిమిషముతో సహా చదువగల మనుష్యుడు, అదే క్షణమున తన దృష్టిక్షేత్రములో ఒక భాగమును కోల్పోయి యుండవచ్చుననియు, ఆ సంగతి అతనికి లేశమైనను తెలియకపోవచ్చుననియు చెప్పినచో నమ్ముట కష్టము. విశాలకోణపు నీటికాసులు (గ్లాకోమా) అను వ్యాధి స్వభావమే అట్టిది. నడిమి చూపును తుదకు గాని అది ముట్టదు. ఒక కంటి లోటును రెండవ కన్ను కప్పిపుచ్చును. తక్కిన కొరతను మెదడు తానే పూరించుకొనును.

నష్టము కనబడునది రెటీనాయందు. అక్కడి నాడీకణములనుండి పుట్టిన పదిలక్షల తంతువులు లోపలి పొరగా పరచుకొని, ఒక్కచోట గుమిగూడి, దృక్‌నాడియై మెదడునకు పోవును. వ్యాధి వానిని కొంచెము కొంచెముగా చంపుచుండ ఆ పొర పలుచనగుచుండును.

1851లో హెల్మ్‌హోల్ట్స్ తన నేత్రదర్శినిని గూర్చి గ్రంథము ప్రకటించువరకు, సజీవుని కంటి అడుగుభాగము వైద్యులకు అందని లోకమే. అది చేతికి వచ్చిన పిమ్మటను, గ్రేఫె వంటి మహావైద్యుడే ఈ వ్యాధిచే నాడీశిరస్సున పడిన గుంటను ఉబ్బుగా భ్రమించి, కొలదికాలమునకు దిద్దుకొనెను. 1970ల దశకమున అమెరికాలో విలియం హోయిట్ ప్రభృతులు ఎరుపు తొలగించిన కాంతిలో తంతువులు చచ్చిన చోట్ల నల్లని సన్నని చారలను చూపిరి. దృష్టిక్షేత్ర పరీక్షలో లోపము బయటపడుటకు ఆరేండ్లు ముందే పలువురి ఛాయాచిత్రములలో అట్టి లోపములు కనబడినవని 1991లో ఆల్ఫ్రెడ్ సోమర్ బృందము వెల్లడించెను. అయినను చారను పోల్చుట చూచువాని నేర్పునకు లోబడినది. పొర మందమెంతయో అది చెప్పదు.

మందమును చెప్పు యంత్రము అదే 1991లో లోకమునకు తెలియవచ్చెను. అమెరికాలోని ఎం.ఐ.టి.యందు డేవిడ్ హువాంగ్, ఎరిక్ స్వాన్సన్, జేమ్స్ ఫుజిమోటో మొదలగువారు నిర్మించిన ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) యిది. కంటిలోని ఒక్కొక్క పొరనుండి వెలుగు వెనుకకు మరలునప్పటి కాలభేదము అత్యల్పమగుటచే ఏ గడియారమును దానిని నేరుగా కొలువజాలదు. అందుచే వారు ఒకే పరారుణ కిరణమును రెండుగా చీల్చి, ఒకదానిని కంటిలోనికి, రెండవదానిని ఒక అద్దము మీదికి పంపి, తిరిగివచ్చిన రెంటిని కలిపిరి. రెండు దారుల నిడివి కొన్ని మైక్రానులలోపల సరిపోలిననే తరంగములు పరస్పరము పెనగొని సంకేతమిచ్చును. అద్దమును జరుపుకొలది కంటిలోని లోతు తెలియుచుండును. 2002లో వచ్చిన స్ట్రాటస్ యంత్రము సెకనునకు 400 చోట్ల లోతు కొలిచెడిది; అద్దమును కదపక, మరలివచ్చిన వెలుగును వర్ణములుగా విడదీసి చదువు తరువాతి యంత్రములు ఇరువదివేలకు మించి కొలువసాగినవి.

రోగి చేయవలసినది స్వల్పము. గడ్డమును ఆధారముపై నుంచి, నుదురు ఆనించి, లోపలి గుర్తును రెప్పవాల్చక చూచుటయే. అచ్చుపడి వచ్చు కాగితము మీద నాడి చుట్టును గల పొర మందము ఒక వంకరగీతగా నుండును: తంతువులు పైనను క్రిందను దట్టమగుటచే ఆరోగ్యవంతుని గీత జంట కొండలవలె లేచును, సగటున నూరు మైక్రానుల చేరువలో నుండును. నీటికాసులలో తరచుగా మొదట క్రుంగునది క్రింది కొండ. గీత పచ్చని పట్టీలో నున్నచో సామాన్యము, పసుపులో నున్నచో సందేహము, ఎరుపులో నున్నచో అసాధారణము. అయితే హ్రస్వదృష్టి హెచ్చుగా గలవారికి ఆ శిఖరములు ప్రక్కకు జరిగి, వ్యాధి లేకయే ఎరుపు పడవచ్చును. కావున ఒక్క కాగితముకంటె కొన్నియేండ్ల కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే మేలని నా దృఢవిశ్వాసము.

ఈ యంత్రమునకు అవధియు కలదు. పొర సుమారు ఏబది మైక్రానులకు దిగినపిమ్మట మిగులునది ఆధారకణజాలమును రక్తనాళములును మాత్రమే. అటుపై వ్యాధి ముదిరినను అంకె మారదు. కావున వ్యాధిని ముందే పట్టవలెను; కాని అట్లు పట్టుబడుట అరుదు. హైదరాబాదు నగరమున ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞానసంస్థవారు 2522 మందిని పరీక్షించి 2000లో ప్రకటించిన ఫలితములలో, ఈ వ్యాధి నిశ్చయముగా గలవారు 27 మంది. అంతకుముందే గుర్తింపబడినవారు ఇద్దరు. కంటి ఒత్తిడి 22 మి.మీ. పాదరసమునకు లోబడి, అనగా సామాన్యముగా, ఉన్నవారు 18 మంది. నష్టము అప్పటికే తీవ్రమైనవారు 14 మంది. ఒత్తిడి ఒక్కటే కొలిచిన చాలదని దీనివలన స్పష్టమగుచున్నది. రక్తసంబంధీకులకు ఈ వ్యాధి హెచ్చుగా సంక్రమించును గనుక, రోగి దొరికినచోట అతని తోబుట్టువులను, బిడ్డలను పిలిపించి చూచుట వైద్యులు కోరుదురు. వారి కంటిలో ఆ పొర ఇంకను కొలువదగినంత మందముగా నుండవచ్చును.